తుప్పు వదిలాక మిగిలేది

మనసుకు పట్టిన మాలిన్యం గురించి చెప్పేటప్పుడు మన గ్రంథాలకు అద్దం చటుక్కున గుర్తొస్తుంది. భగవద్గీత మూడో అధ్యాయంలో కామం జ్ఞానాన్ని కప్పేసే తీరుకు పొగ కమ్మిన నిప్పుతో, మావిలోని శిశువుతో పాటు మురికి పట్టిన అద్దాన్ని కూడా ఉదాహరణగా ఇచ్చారు. ఈ పోలికలో చడీచప్పుడూ లేని హామీ ఒకటుంది: కిందున్నది చెడలేదు, పైపైన తుడిస్తే చాలు. ఆ హామీ మీదే నా అనుమానం. దాన్ని పరీక్షించడానికి పాత ఇనప పనిముట్ల పెట్టె పనికొస్తుంది. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కెనడీ కంపెనీ మెషినిస్టుల కోసం చేసిన సొరుగుల పెట్టెలనే తీసుకోండి. 1911లో మొదలైన ఆ కంపెనీ గోధుమరంగు ముడతల పెయింటుకు పేరు. అలాంటి పెట్టె ఏళ్ల తరబడి చెమ్మ షెడ్డులో పడి ఉంటే రేకు మడిచిన అంచుల సందుల్లో తడి నిలుస్తుంది. తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి మడతలు ఉబ్బి సొరుగులు బిగుసుకుపోతాయి. వెనిగర్‌లో నానబెట్టండి, లేదా బట్టల సోడా నీళ్లలో ముంచి బ్యాటరీ చార్జర్ నెగటివ్ తీగ తగిలించండి, తుప్పు ఊడుతుంది. కానీ బయటపడేది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నున్నటి రేకు కాదు, గుంటలు పడిన బూడిదరంగు రేకు. కడిగి ఆరబెట్టేలోపే దానిమీద పల్చటి నారింజరంగు మళ్లీ తేలుతుంది. దుమ్ము బయటినుంచి వచ్చి కూర్చుంటుంది, తుప్పు మాత్రం ఇనుమే అలా మారింది. ధమ్మపదంలోని మలవర్గం మనిషి చేసిన చెడ్డపని అతన్నే తినేస్తుందని చెప్పడానికి తుప్పునే ఎంచుకుంది. కల్మషం విషయంలో ఈ పోలికే నిజానికి దగ్గర. పోయిన ఇనుము పోయినట్టే.

అద్వైతి దీనికి ఊరుకోడు. దృష్టాంతం అన్ని విధాలా వర్తించదనీ, ఆత్మకు వికారమే లేనప్పుడు తుప్పెక్కడిదనీ అడుగుతాడు. ఆత్మ మాట వరకు ఒప్పుకుంటాను. ఆ మాటకొస్తే శంకరులే ఈ చిక్కు చూశారు. బ్రహ్మసూత్ర భాష్యం సమన్వయాధికరణంలో, రుద్దితే అద్దం మెరిసినట్టు కర్మతో మోక్షం బయటపడుతుందన్న వాదాన్ని ముందుకు తెచ్చి, ఆత్మ ఏ క్రియకూ ఆశ్రయం కాదు కనుక అది కుదరదని తోసిపుచ్చారు. అంటే రుద్దుడు పనంతా చిత్తశుద్ధి ఖాతాలోనే పడుతుంది. జపం, దానం, ఉపవాసం, పశ్చాత్తాపం అన్నీ మనసు మీద జరిగే పనులు. ఆ మనసు మారే వస్తువే. ఇరవయ్యేళ్లు అబద్ధాల మీద బతికినవాడు ఒక దీక్షతో మానుకోవచ్చు, కానీ ఆ ఇరవయ్యేళ్లలో మొద్దుబారిన సిగ్గు దీక్ష పూర్తయిన మర్నాడే పూర్వంలా పదునెక్కదు.

పోయింది రాదంటే రుద్దడం ఎందుకని ఇంకొకరు అడుగుతారు. ఇది గట్టి ప్రశ్న. ఎందుకంటే తుప్పు ఆగదు. రుద్దకపోతే ఉన్నదీ పోతుంది. ఇంకో కారణం రసాయనంలోనే ఉంది. టానిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ పూస్తే, రేకును గట్టిగా పట్టుకున్న తుప్పు నల్లటి పొరగా మారి అక్కడే ఉండిపోతుంది, దానిమీద పెయింటు నిలుస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు: బెల్లం నీళ్లలో ఊరిన తుప్పు ఇనుము, గుడ్డకు పట్టించిన కరక్కాయతో కలిసే కదా ఆ నలుపు తేలేది! చెడినదంతా పారేయాల్సిందే కాదు, కొంత కాపలాకు పనికొస్తుంది. అలాగని తప్పుకు హారతి పట్టనక్కర్లేదు. పెచ్చులుగా లేచిన తుప్పు మీద ఏ మందూ నిలవదు, ముందు దాన్ని వైరు బ్రష్షుతో గీకి పారేయాలి.

రుద్దడం అవసరమే కానీ పోయిందంతా తిరిగొచ్చిందనకూడదన్న ఈ జాగ్రత్త మన ధర్మశాస్త్రంలోనూ, యాజ్ఞవల్క్య స్మృతి ప్రాయశ్చిత్తాధ్యాయంలో, కనిపిస్తుంది. వ్యాఖ్యాతల్లో ఒక వర్గం చదివిన తీరులో, తెలియక చేసిన పాపం ప్రాయశ్చిత్తంతో పోతుంది. తెలిసి చేసింది పోదు, చేసినవాడు నలుగురితో మళ్లీ వ్యవహరించడానికి మాత్రం తగినవాడవుతాడు. సొరుగు తెరుచుకుంటుంది, పనిముట్లు పెట్టుకోవచ్చు, గుంటలు గుంటలుగానే ఉంటాయి. ఇది పిసినారి మాటలా వినిపిస్తుందని తెలుసు. అయితే ఆ పాపం వల్ల నష్టపోయిన అవతలి మనిషి ఒకడుంటాడు. అతనికి పోయింది తిరిగి రాలేదు. చేసినవాడి పద్దు మాత్రం మొత్తం కొట్టేశామంటే అతన్ని ఒప్పించడం కష్టం.