పన్నెండు పుస్తకాలూ, ఒక ‘ట’

పందెం వేసుకుని చదివిన పుస్తకం చదివినట్టేనా? పుస్తకాల గురించి నలుగురం కూర్చుని మాట్లాడుకునే చోట ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతూనే ఉంటారు. అడిగేవాళ్ళ గొంతులో కాస్త వెటకారం కూడా ఉంటుంది. చదవడం అంటే పరుగుపందెమా, లెక్కపెట్టుకోడానికి అవేమన్నా ఇడ్లీలా అని.

మా బృందం ఏడుగురిది. ఈ ఏడాది పెట్టుకున్న నియమం చిన్నదే. పన్నెండు నెలల్లో పన్నెండు నాన్‌ఫిక్షన్ పుస్తకాలు, అదీ ఒక్కోటి ఒక్కో రకం: ఆత్మకథ, యాత్రాచరిత్ర, సైన్సు, సామాజిక చరిత్ర, ఉత్తరాలు, ఆర్థికశాస్త్రం, ఇలా. అందరికీ కనబడే ఒక స్ప్రెడ్‌షీట్, అందులో ప్రతి పేరుకీ ఎదురుగా పన్నెండు గళ్ళు. నెలకొకసారి ఆదివారం పూట ఆన్‌లైన్లో కలిసి, ఎవరు చదివింది వాళ్ళు మిగతావాళ్ళకి చెప్పాలి. అంతే.

వెటకారం సంగతి పక్కన పెడితే, ఆ అభ్యంతరంలో బలం లేకపోలేదు. చార్లెస్ గుడ్‌హార్ట్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త 1975లో ద్రవ్య విధానం గురించి రాస్తూ ఒక విషయం గమనించాడు. తర్వాత అది ఆయన పేరుతోనే సూత్రమైంది: దేన్నైనా కొలవడానికి వాడుతున్న అంకెనే మనం గురిగా పెట్టుకుంటే, ఇక ఆ అంకె దేన్నీ సరిగ్గా కొలవదు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్ళకి దీన్ని ఎవరూ వివరించక్కర్లేదు. రాసిన లైన్లని బట్టి పని లెక్కగడితే లైన్లు పెరుగుతాయి. మూసిన టికెట్లని లెక్కగడితే ఒక టికెట్ ఐదు ముక్కలవుతుంది. చదవడంలోనూ అంతే. గళ్ళు నింపడమే గురి అయినప్పుడు నూటయాభై పేజీల పుస్తకాలు ముందుకొస్తాయి, లావుపాటివి డిసెంబరుకి వాయిదా పడతాయి. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ సాయుధ పోరాటం మీద రాసిన పుస్తకం మా జాబితాలో ముగ్గురి పేర్ల ఎదుట ఉంది. ముగ్గురిలో ఒక్కరే మొదలుపెట్టారు. కారణం రాజకీయం కాదు, బరువు.

అయితే లెక్కపెట్టి చదవడం మనకి కొత్తదేమీ కాదు. భాగవత సప్తాహం అంటే ఏడు రోజుల్లో భాగవతం పూర్తి కావాలి. సుందరకాండలో అరవై ఎనిమిది సర్గలుంటే, రోజుకిన్ని అని పంచుకుని పారాయణ చేసేవాళ్ళు ఇప్పటికీ ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. రోజుకిన్ని సర్గలు అనుకున్నంత మాత్రాన వాళ్ళ భక్తి తగ్గిందని ఎవరూ అనరు. పైగా ఆ లెక్కే లేకపోతే చాలామంది సగంలో ఆపేసేవాళ్ళు. కాబట్టి లెక్క దానంతటదే దోషం కాదు. దేన్ని లెక్కపెడుతున్నాం అన్నదగ్గర తేడా వస్తుంది.

పారాయణ చేసేవాళ్ళు పుస్తకం తెరవకముందే దాన్ని నమ్మారు. చదవడం వల్ల ఆ నమ్మకం గట్టిపడుతుందేమో గానీ, కొత్తగా పుట్టదు. నాన్‌ఫిక్షన్ సంగతి అందుకు పూర్తిగా తలకిందులు. అక్కడ చదవడం వల్ల మనలో పుట్టేదే నమ్మకం. పుస్తకం మూసేసరికి ‘ఇది ఇలా జరిగింది’ అని నాకు అనిపిస్తుంది. ఆ తర్వాత దాని మీద ఆధారపడి మాట్లాడతాను, ఓటేస్తాను, ఒక కులాన్నో ఊరినో పార్టీనో మెచ్చుకుంటాను, తిడతాను. అంటే స్ప్రెడ్‌షీట్‌లో ఒక గడి నిండిన ప్రతిసారీ లోకంలో ఒక నమ్మకం పెరుగుతోందన్నమాట. పందెం చదువు గురించి అసలు అడగాల్సిన ప్రశ్న ఇక్కడుందనుకుంటాను. ఎంత వేగంగా చదివామన్నది చిన్న విషయం. ఒక పుస్తకం చదివి నమ్మే హక్కు మనకి ఎంతవరకూ ఉంది?

తెలుగులో ఈ ప్రశ్నకి పనికొచ్చే ఒక చిన్న అక్షరం ఉంది. ‘ట’. ‘వచ్చాడు’ అంటే నేను చూశాను, లేదా నాకు తెలుసు. ‘వచ్చాడట’ అంటే ఎవరో చెప్పారు, నేను చూడలేదు. ఒక్క అక్షరంతో మాటకి హామీ ఎవరిదో తేలిపోతుంది. అనగనగా ఒక రాజు ఉండేవాడట, ఆయనకి ఏడుగురు కొడుకులట. మన కథలు మొదటి వాక్యంలోనే ‘ట’ తగిలించుకుని వస్తాయి. అందుకే కథ విని ఎవరూ మోసపోరు. చెప్పేవాడికి హామీ లేదని వినేవాడికి ముందే తెలుసు. నాన్‌ఫిక్షన్ పుస్తకంలో ఈ ‘ట’ ఉండదు. రచయిత తను చూసిందో, పరిశోధించిందో చెబుతున్నాడు కాబట్టి ఆయనకి దాని అవసరం లేదు. కానీ చదివిన నాకు అవసరమే. నేను చూసింది సంఘటనని కాదు, ఆ పుస్తకాన్ని మాత్రమే.

ఒక ఆదివారం మా చర్చ తెలంగాణ సాయుధ పోరాటం మీదకి మళ్ళింది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి నిజాం లొంగిపోయాక కూడా పోరాటం సాగింది. కమ్యూనిస్టు పార్టీ దాన్ని విరమించింది 1951 అక్టోబరులో. ఆ మూడేళ్ళూ కొనసాగించడం సరైనదేనా? సుందరయ్య పుస్తకం చదివిన మిత్రుడు సరైనదే అన్నాడు. పంచిన భూములని నిలబెట్టుకోవడానికి అది తప్పలేదని గట్టిగా వాదించాడు. రావి నారాయణరెడ్డి జ్ఞాపకాలు చదివిన ఇంకొకావిడ, పోలీసు చర్య తర్వాత ఆపేసి ఉండాల్సిందని అంతే గట్టిగా అంది. ఇద్దరు రచయితలూ ఆ పోరాటానికి నాయకులే. ఇద్దరూ పుస్తకాలు రాసేనాటికి పార్టీ 1964లో చీలిపోయి, చెరొక పార్టీలో ఉన్నారు. మావాళ్ళిద్దరి మాటల్లోనూ ఎక్కడా ‘ట’ లేదు. సుందరయ్య ఇలా అంటారు, నారాయణరెడ్డి ఇలా అంటారు అన్నది పోయి, ‘అది అలా జరిగింది’ అన్నది మాత్రం మిగిలింది. స్ప్రెడ్‌షీట్‌లో ఇద్దరికీ చెరో గడి నిండింది.

విలియం క్లిఫర్డ్ అనే ఇంగ్లీషు గణితవేత్త 1877లో నమ్మకపు నీతి గురించి ఒక వ్యాసం రాశాడు. అందులో ఒక ఓడ యజమాని ఉంటాడు. పాత ఓడ, మరమ్మతులు కావాలి. ఆ సంగతి అతని మనసులో మెదులుతూనే ఉంటుంది. కానీ ఇన్ని ప్రయాణాలు చేసిన ఓడ ఇదొక్కటీ చేయదా అని తనకి తనే నచ్చజెప్పుకుని, నిజంగానే నమ్మి, వలసపోయే కుటుంబాలని ఎక్కించి పంపిస్తాడు. ఓడ మునిగిపోతుంది. అతను దోషి అనడానికి ఎవరమూ సందేహించం. క్లిఫర్డ్ ఇంకో అడుగు ముందుకేస్తాడు. ఓడ క్షేమంగా చేరినా అతని దోషం అంతే అంటాడు. అతని నమ్మకం చివరికి నిజమైందా కాదా అన్నది లెక్కలోకి రాదు. తన దగ్గరున్న ఆధారాలతో అలా నమ్మే హక్కు అతనికి లేదు.

దీన్ని చదువరులకి యథాతథంగా అన్వయిస్తే బతకడం కష్టం. ఒక పోరాటం మీద ఒక మాట అనడానికి పదిహేను పుస్తకాలూ, ఆర్కైవుల్లోని ఫైళ్ళూ చూడాలంటే ఉద్యోగం చేసుకుంటూ చదివే ఎవరమూ నోరు తెరవలేం. అలాంటి నియమం మనుషుల్ని జాగ్రత్తపరులని చేయడం కంటే చదవడమే మానిపిస్తుంది. ఏమీ చదవనివాడి నమ్మకాలు ఒక పుస్తకం చదివినవాడి నమ్మకాల కంటే మెరుగ్గా ఉంటాయని అనుకోడానికి నాకు కారణం కనబడదు. నమ్మకాలు ఎలాగూ ఉంటాయి, అవి వాట్సాప్ నుంచి వస్తాయి, అంతే తేడా.

క్లిఫర్డ్ అడిగినంత ఇవ్వలేకపోయినా, ఇవ్వగలిగింది ఒకటుందని నాకనిపిస్తుంది. అదే ఈ ‘ట’. చదివింది ఒక్క పుస్తకమే అయినప్పుడు ఆ పుస్తకం పేరుని నమ్మకం నుంచి ఊడదీయకుండా ఉంచుకోవడం. మా పనిలో దీనికి సమానమైనది ఉంది. డేటాబేస్‌లోకి వచ్చే ప్రతి అంకెకీ అది ఎక్కడి నుంచి వచ్చిందో రాసుకుంటాం. ఆ సమాచారం లేని అంకె రేపు తప్పని తేలితే ఎక్కడ దిద్దాలో ఎవరికీ తెలీదు. అలాగే ‘ట’ పోగొట్టుకున్న నమ్మకాన్ని దిద్దుకోవడం కష్టం. అది సుందరయ్యదో నారాయణరెడ్డిదో మర్చిపోయి నాదే అనుకుంటాను. నాది అనుకున్నదాన్ని ఎవరైనా కాదంటే కోపమొస్తుంది.

ఇక్కడితో ఆగిపోతే వ్యాసం చక్కగా ముగిసేది. కానీ మూడో పుస్తకం ఒకటుంది. స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’. అదే పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరకి వెళ్ళి, వాళ్ళు చెప్పింది రికార్డు చేసుకుని, వాళ్ళ మాటల్లోనే అచ్చువేసిన పుస్తకం. అజ్ఞాతంలో ఉండగా పసిబిడ్డని పరాయి చేతుల్లో పెట్టాల్సి వచ్చిన తల్లి అందులో ఉంది. అన్ని పనుల్లోనూ కావలసినవాళ్ళై, పోరాటం అయిపోయాక ఇక ఇళ్ళకి వెళ్ళండి అనిపించుకున్నవాళ్ళు ఉన్నారు. మా బృందంలో ఈ పుస్తకం చదివినావిడ నా ‘ట’ సిద్ధాంతం విని ఒక ప్రశ్న వేసింది. “వీళ్ళ మాటలకి కూడా తగిలిస్తావా? బిడ్డని వదిలేసిందట అంటావా?”

అలా అని చూస్తే తేడా చెవికే తెలుస్తుంది. ‘ట’ ఎప్పుడూ జాగ్రత్త మాత్రమే కాదు. ఒక్కోసారి అది అనుమానం, ఒక్కోసారి వీధరుగు మీద చెప్పుకునే కబురు. అజ్ఞాతంలో మగవాళ్ళతో తిరిగిన ఆడవాళ్ళ గురించి ఊళ్ళో జనం ఎన్ని ‘ట’లు వాడి ఉంటారో ఊహించుకోవచ్చు. నాయకుల పుస్తకాల్లో పోరాటం కర్తరి వాక్యాల్లో నడిచినంతకాలం, వీళ్ళ అనుభవం ఆ పుస్తకాల బయటే ఉంది. ముప్పై అయిదేళ్ళ తర్వాత నోరు విప్పి, నాకిలా జరిగింది అని చెప్పిన మనిషితో ‘మీకలా జరిగిందట’ అనడం తటస్థంగా ఉండడం కాదు. అది ఆ మనిషిని మళ్ళీ వెనక్కి నెట్టడం.

కాబట్టి ‘ట’ని అన్నిటికీ ఒకే కొలతతో వాడలేం. ఒక మనిషి తన మీద జరిగినదాన్ని చెప్పడం వేరు, ఆ జరిగినదానికి కారణమేమిటో, ఏం జరిగి ఉండాల్సిందో తీర్పు చెప్పడం వేరు. మొదటిదాన్ని నమ్మడం దగ్గర మొదలుపెట్టి, అనుమానించడానికి గట్టి కారణం దొరికితేనే అనుమానించాలి. రెండోదానికి మాత్రం, అది ఎంత పెద్ద నాయకుడు చెప్పినా, ‘ట’ ఉండాల్సిందే. పోరాటం 1948లో ఆగి ఉండాల్సిందా అన్నది రెండో రకం. బిడ్డని ఇచ్చేసిన రాత్రి మొదటి రకం.

ఈ గీత కూడా ఎల్లప్పుడూ అంత తిన్నగా ఉండదని తెలుసు. కొండపల్లి కోటేశ్వరమ్మ ‘నిర్జన వారధి’ 2012లో వచ్చేసరికి ఆవిడకి తొంభై దాటాయి. ఉద్యమం, అజ్ఞాతవాసం, వదిలి వెళ్ళిన భర్త, పోగొట్టుకున్న పిల్లలు. అన్నేళ్ళ జ్ఞాపకంలో అనుభవమూ తీర్పూ కలిసిపోయే ఉంటాయి. ఫలానా వాక్యం వరకూ అనుభవం, ఇక్కడి నుంచి తీర్పు అని విడదీయడం చాలా పేజీల్లో నావల్ల కాలేదు. అలాంటి చోట తొందరపడి ఏదో ఒక పక్కకి చేర్చేకంటే కాస్త ఆగడమే మంచిది. పందెం అనుమతించనిది కూడా సరిగ్గా ఆ ఆగడాన్నే.

మరి పందెం ఎందుకు? ఒక్కణ్ణే చదువుకుంటే నాకు నచ్చే రచయిత, నచ్చే పక్షం, నచ్చే ముగింపు ఉన్న పుస్తకాలే నా బల్ల మీదకి వస్తాయి. ఆ మూడు పుస్తకాలూ నేనే ఒక ఏడాదిలో చదివేవాణ్ణి కాదు. ఏడుగురం కలిసి చదివితే నేను చదవని పుస్తకం చదివిన మనిషి స్క్రీన్ మీద ఎదురుగా కూర్చుని ఉంటుంది. నేను ‘ట’ మింగేసినప్పుడు ఆ మనిషికి వినబడుతుంది. క్లిఫర్డ్ ఒక్కొక్కరి భుజాన పెట్టిన బరువుని నలుగురూ కలిసి కొంత మోయొచ్చు. లెక్క వల్ల కలిగే చెడుకి విరుగుడు లెక్క మానెయ్యడం కాదు, తోటి చదువరులు.

అందుకే స్ప్రెడ్‌షీట్‌లో ఇంకో వరుస కలుపుదామని అడిగాను. చదివిన పుస్తకం ఎదురుగా, అదే విషయం మీద దాన్ని కాదనే పుస్తకం ఒకటి, దాన్ని మనలో ఎవరు చదువుతున్నారన్నది. ఒక మిత్రుడు వెంటనే లెక్క కట్టి, ఇలాగైతే పన్నెండు కాస్తా ఆరవుతాయి అన్నాడు. అవుతాయి. ప్రస్తుతానికి సుందరయ్య పుస్తకం చదివినాయనకి నారాయణరెడ్డి, నారాయణరెడ్డి చదివినావిడకి సుందరయ్య వంతు వచ్చాయి. బరువైనది నాకెందుకు వచ్చిందని ఆవిడ గొడవ.