చూచు సాక్షి, తిను సాక్షి

ఈశ్వరుడు సర్వసాక్షి యని నమ్మిన జాతికి గోప్యముతో పనియేమి యని కొందరు ప్రశ్నింతురు. హృదయములోని సంకల్పమును సైతము ఎరిగిన వాడొకడు లోపలనే కొలువుండగా, దొరతనమువారు మన వేలిముద్రలు తీసికొన్నారనియు, చేతిలోని ఫోను మన రాకపోకలను లెక్కించుచున్నదనియు నొచ్చుకొనుట భక్తిలోని లోపము కాదా? తప్పు చేయనివానికి దాచుకొనవలసినది ఏమున్నది? ఈ మాట నేడు చదువుకొన్నవారి నోటనే తరచుగా వినవచ్చుచున్నది. నిజాంపట్నము రేవు నుండి వేటకు పోవు మత్స్యకారుని యెదుట నిలిపి చూచినగాని ఈ మాటలోని డొల్లతనము తెలియరాదు.

మొదట అతని పనిని గూర్చి చెప్పవలెను, ఏలయనగా పనినిబట్టి మనిషిని అనుమానించు అలవాటు మనకు చిరకాలముగా నున్నది. ప్రాణులను చంపి బ్రదుకువాడు ధర్మమునకు దూరమైనవాడను తలంపును మహాభారతము వనపర్వములోనే ఖండించినది. తపోగర్వముతో నున్న కౌశికుడను బ్రాహ్మణుడు మిథిలకు పోయి, మాంసము విక్రయించు ధర్మవ్యాధుని యొద్ద ధర్మము నేర్చుకొనెను. ఆ వ్యాధుడు తన వృత్తిలోని ఘోరమును దాచలేదు. నాగలి దున్నువాడును నేలలోని జీవులను చంపుచునే యున్నాడని గుర్తుచేసి, తాను కొలుచు తల్లిదండ్రులను చూపెను. మన మత్స్యకారుడును అట్టివాడే. ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, చేపలు గ్రుడ్లు పెట్టుకాలమని, 61 దినములు మర పడవలను ఒడ్డున కట్టివేసి పస్తులకు సిద్ధపడు మనుష్యుని కంటె నియమపరుని నేను వేరుగా వెదుకబోను.

ఇక అతడు సముద్రముపై ఎల్లలు దాటు సంగతి. బౌధాయన ధర్మసూత్రము సముద్రయానమును పతనహేతువులలో చేర్చినది. అదే గ్రంథము మరియొకచోట దానిని ఉత్తరాదివారి ఆచారముగా చెప్పినది. శాస్త్రము ఇట్లు రెండు నోళ్ల పలుకుచుండగా ఈ తీరము మాత్రము ఏనాడును సముద్రమునకు వెన్ను చూపలేదు. పాశ్చాత్యులు పేటపోలి యని వ్రాసికొన్న ఈ నిజాంపట్నముననే 1606లో డచ్చివారు వర్తకస్థానము నెలకొల్పిరి. 1611లో ఆంగ్లేయుల ఓడ గ్లోబు వచ్చి ఆగినది. చిరివేరుతో ఎఱ్ఱరంగు అద్దిన బట్టలకై సముద్రములు దాటి వచ్చిన వారిని ధర్మభ్రష్టులని ఎవ్వరును తరిమివేయలేదు. సరకు దాటిన దారిని కూలివాడు దాటరాదనుట న్యాయము కాదు.

అట్లని రాజునకు ఎల్లలపై అధికారము లేదని నేననను. కౌటిల్యుడు ముద్రాధ్యక్షుడను అధికారిని నియమించి, రాకపోకలకు ముద్ర నీయవలెననియు, ముద్ర లేక తిరుగువానికి 12 పణములు దండుగ వేయవలెననియు విధించెను. మత్స్యకారుల యొద్ద ఆరవపాలు పుచ్చుకొమ్మనెను. వేగులవారిని సన్న్యాసివేషమున ఊళ్లకు పంపెను. ఇంతటి కఠినుడును నావాధ్యక్షుని గూర్చి చెప్పునపుడు, గాలివానకు దెబ్బతిని తీరము చేరిన ఓడను తండ్రివలె ఆదుకొనవలెనని శాసించినాడు. ఆ ఒక్క విధిని నేటి రాజ్యములు మరచినవి. 2018 చివర, గుజరాతులోని వేరావల్ పడవలలో కూలికి పోయిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు నీటిపై కానరాని సరిహద్దు దాటిరని పాకిస్తాను వారిని పట్టుకొని కరాచీ చెరసాలలో నుంచినది. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా స్వదేశము చేరిరి. కంటికి కనబడని గీతను ఆకలిగొన్నవాడు దాటెనని ఏడాదికి పైగా బంధించుట, అది ఏ దేశము చేసినను, పాపము.

ఇట్టి ఆపదలను తప్పింపగల యంత్రమును నేను నిందింపను. ఇస్రో రూపొందించిన ట్రాన్స్‌పాండరులను లక్ష పడవలకు అమర్చు కార్యక్రమమును కేంద్రప్రభుత్వము 2024 ఆగస్టు 30న ప్రారంభించినది. సరిహద్దు సమీపించిన అది హెచ్చరించును. నడిసముద్రమున ఆపద వాటిల్లిన ఒడ్డునకు కబురు పంపును. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమయు ఈ తీరమును పడిన యాతన నెరిగినవారెవ్వరును ఇట్టి సాధనమును త్రోసిపుచ్చజాలరు.

కాని ఆ యంత్రము పడవ తిరిగిన త్రోవనంతయు ఎరుగును. ఏ ఋతువున ఏ లోతున వల వేసిన చేప పడునో, ఆ తావుల జ్ఞానమే మత్స్యకారుని ఆస్తి. తండ్రి కొడుకునకు చెప్పునది, పొరుగు పడవకు చెప్పనిది. ఆ త్రోవల చిట్టా రేపు ఏ పెద్ద వ్యాపారి చేతబడిన అతని విద్య ఏమగును? ఇది నేరస్థుని భయము కాదు, కష్టజీవి భయము.

ముండకోపనిషత్తులో ఒకే చెట్టుపై వ్రాలిన రెండు పక్షుల ప్రసంగము కలదు. ఒకటి ఫలము తినును. రెండవది తినక చూచుచుండును. సాక్షి లక్షణమంతయు ఆ తినకపోవుటలోనే యున్నదని నా విశ్వాసము. ఈశ్వరుడు మనలను చూచుచు మన నుండి ఏమియు ఆశింపడు, మన రహస్యమును మరియొకనికి అమ్మడు, దానితో మనలను బెదిరింపడు. కావుననే అతని యెదుట మనకు మరుగు అక్కరలేదు. కంపెనీయు, ప్రభుత్వమును, పొరుగువాడును చూచునది తినుటకే. తిను సాక్షికి దైవసాక్షి హక్కులు ఇచ్చుట భక్తి కాదు, విగ్రహారాధనలలోకెల్ల హీనమైన ఆరాధన.

గోప్యము పరదేశపు దిగుమతి యని వాదించువారు మన పెద్దలు చెప్పిన నవగోప్యములను తలచుకొందురు గాక. ఆయువు, ధనము, ఇంటి లోటు, పుచ్చుకొను మందు, చేసిన దానము, పడిన అవమానము మున్నగునవి వెలిపుచ్చరాదని వారనిరి. నేటి ఫోను వానిలో పెక్కింటిని ఎరుగును. భట్టిప్రోలు స్తూపమున దొరకిన ధాతుకరండములపై దాతల పేర్లు చెక్కబడియున్నవి; వారు తామై చెప్పుకొన్నవి. తానై చెప్పుటకును, పిండి రాబట్టుటకును గల భేదమే స్వేచ్ఛ. పుట్టస్వామి వ్యాజ్యములో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మండుగురు ఏకగ్రీవముగా గోప్యతను ప్రాథమిక హక్కుగా అంగీకరించిరి. అయినను 2025 జూను మొదలు అమెరికాలో చదువగోరు మన బిడ్డలు వీసాకై తమ సామాజిక మాధ్యమ ఖాతాలను బాహాటముగా తెరచి యుంచవలసి వచ్చినది. తెనాలి బిడ్డ చదువునకై, వేటగాడు ప్రాణరక్షణకై, ఒకే సుంకము చెల్లించుచున్నారు.

నిజాంపట్నము మత్స్యకారునకు ట్రాన్స్‌పాండరు ఇచ్చునపుడే అధికారులు తెలుగున, నోటిమాటగా, మూడు సంగతులు చెప్పవలెను: దీనిలో ఏమి వ్రాయబడును, ఎవ్వరు చూతురు, ఎన్నాళ్లకు తుడిచివేయుదురు. అది వారు అతనికి పడియున్న బాకీ.