నానిన చక్రం

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో టూసాన్ అనే ఎడారి నగరం ఉంది. 1925లో అక్కడ రోడియో మొదలైంది. పశువుల కాపరుల పనితనానికి పెట్టే పోటీ అది. పరుగెత్తే దూడను తాడు విసిరి పట్టేవాళ్లు, కుప్పించి దూకే గుర్రం మీద ఒంటిచేత్తో ఎనిమిది సెకన్లు నిలదొక్కుకునేవాళ్లు ఫిబ్రవరిలో అక్కడ చేరతారు. గురువారం పొద్దున ఊరేగింపు ఉంటుంది. అందులో మోటారు బండికి చోటు లేదు. గుర్రాలూ, కంచరగాడిదలూ లాగే బండ్లే రావాలి. ఆ గురు, శుక్రవారాలు అక్కడి బడిపిల్లలకు సెలవు.

ఆ ఊళ్లో ఒక తాతా మనవడూ ఉండేవారు. తాతకు పాత చెక్కబండి ఒకటి ఉండేది. ఏటా ఊరేగింపులో అది నడిచేది. పగ్గాలు తాత పట్టేవాడు, బ్రేకు మనవడు చూసేవాడు.

మనవడికి మరో పని కూడా ఉండేది. ఎడారి గాలికి చక్రాల కర్ర ఎండి కుంచించుకుపోతుంది. నడుమ నుంచి అంచుకు పోయే ఆకులు కదులుతాయి, అంచు చెక్కలైన పూటీల మీది ఇనుప పట్టా వదులవుతుంది. అందుకని నాలుగు రోజుల ముందే చక్రాలు విప్పి, గుర్రాలు నీళ్లు తాగే పెద్ద తొట్టిలో నిలబెట్టాలి. అందులో చక్రం కొంతమేరే మునుగుతుంది కాబట్టి పొద్దునా సాయంత్రం కాస్త కాస్త తిప్పుతుండాలి. కర్ర నీళ్లు తాగి ఉబ్బితే పట్టా బిగుసుకుంటుంది. బడికి వెళ్లినన్నాళ్లూ మనవడు ఈ పని తప్పకుండా చేశాడు.

తర్వాత అతను కాలేజీలో చేరాడు. అక్కడ రోడియోకు సెలవు లేదు. మొదటి ఏడాది సరిగ్గా ఆ వారమంతా పరీక్షలు పడ్డాయి. మనవడు వెళ్లి పంతులుగారిని వేరే రోజు రాయనివ్వమని అడిగాడు. పంతులుగారు మంచివాడే, కానీ వేరే ఊరినుంచి వచ్చినవాడు. ఒకరికి ఒప్పుకుంటే రేపు అందరూ అడుగుతారనీ, చదువుకన్నా వేడుక పెద్దది కాదనీ చెప్పి పంపించాడు. మనవడు ఎదురు చెప్పలేదు. ఆ వారం పుస్తకాలు వదిలి కదలలేదు.

తాత ఒక్కడే బండి కట్టాడు. చక్రాలు విప్పి తొట్టిదాకా మోసే బలం అతనికి లేదు. ఊరేగింపు సగం దూరం వెళ్లేసరికి ముందు చక్రం పట్టా ఊడి దారిమీద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. బండిని పక్కకు తీసి, తాత దాని పక్కనే కూర్చున్నాడు. కాలేజీ నుంచి ఇంటికి పోతున్న పంతులుగారు చూసి ఆగాడు. తాత మాటలేమీ పెంచకుండా ఒక ఆకును వేలితో కదిపి చూపించాడు. అది లొడలొడ ఆడింది. చక్రాలు నానబెట్టే కుర్రవాడికి ఈసారి పరీక్ష ఉందని మాత్రం చెప్పాడు. ఆ కుర్రవాడెవరో పంతులుగారికి అర్థమైంది.

మరుసటేడు ఆయన పట్టుబట్టి గురు, శుక్రవారాలు కాలేజీ మొత్తానికి సెలవు ఇప్పించాడు. కొందరు మధ్యాహ్నం దాకా నిద్రపోయారు. కొందరు కార్లెక్కి సముద్రం చూడటానికి పోయారు. రోడియో వైపు వెళ్లినవాళ్లు కొద్దిమందే. ప్రయోగశాలలో రెండు రోజుల పని వెనకబడింది. ఇక మనవడికి బుధవారం దాకా పరీక్షలే. సెలవు చేతికందేసరికి చక్రాలను నీళ్లలో ఉంచడానికి ఒక్క రాత్రే మిగిలింది. ఈసారి పట్టా ఊడలేదు కానీ దారి పొడవునా గలగల మోగింది. ఎక్కడ ఊడుతుందోనని భయపడి తాత సగంలోనే బండి తిప్పేశాడు.

మూడో ఏడు పంతులుగారు అందరికీ సెలవు అడగలేదు. జనవరిలోనే తరగతికి వచ్చి, రోడియోలో ఎవరి చేతిలో ఏ పని ఉందో చెప్పమన్నాడు. ఏడుగురు లేచి నిలబడ్డారు. ఒకరు ఎద్దుల దొడ్డి తలుపు దగ్గర ఉండాలి. ఒకరు గుర్రాలకు మేత చూడాలి. ఇద్దరు జోడీగా తాడు విసిరే పోటీలో ఉన్నారు, ఒకరు కొమ్ములకు, ఒకరు వెనక కాళ్లకు. మనవడు చక్రాల సంగతి చెప్పాడు. ఆ ఏడుగురికీ పరీక్ష వారం ముందుకు జరిగింది. తిరిగి వచ్చాక ప్రతివాడూ తన పనిని తరగతికి వివరించాలన్నది ఒక్కటే షరతు.

ఆదివారం పొద్దున చక్రాలు తొట్టిలోకి దిగాయి. తిప్పడానికి మనవడు ఇద్దరు స్నేహితులను వెంట తెచ్చుకున్నాడు. వాళ్లు అంతకుముందు చెక్క చక్రాన్ని ముట్టుకున్నవాళ్లు కారు. గురువారం పంతులుగారు దారి పక్కన నిలబడి చూస్తుండగా బండి ఆయన ముందు నుంచే సాగిపోయింది. పట్టా మోగలేదు. ఆ ఏడు బండి చివరిదాకా నడిచింది.

నీతి: సంప్రదాయం చూసేవాళ్లతో కాదు, ముందునుంచీ దానికి నీళ్లు పట్టే చేతులతో నిలుస్తుంది, ఎండాకాలంలో బండి చక్రాన్ని చెరువులో నానబెట్టిన మన పల్లెవాళ్లకు ఈ మాట కొత్త కాదు. అందరికీ ఒకేలా పంచిన సెలవు నిద్రలో కరిగిపోతుంది, అసలే ఇవ్వని సెలవు చక్రాన్ని ఎండబెడుతుంది. కాబట్టి చదువు చెప్పే పెద్దలారా, సెలవు అడిగిన పిల్లవాడిని కాదని పంపేముందు, అక్కడ అతని చేతిలో ఉన్న పనేమిటో ఒక్కసారి అడగండి.