గంజు చల్లారనియ్యి



గోదావరిఖనిలో సింగరేణి బొగ్గు గనుల మొదటి షిఫ్టు వాళ్లు డ్యూటీకి బయల్దేరే వేళ. చేతిలో టిఫిన్ డబ్బా. ఆ డబ్బా వెనక పొద్దున్నే పొయ్యి వెలిగించిన చెయ్యి ఒకటి ఉంటుంది.

సింగరేణి క్వార్టర్‌కు వచ్చిన కొత్తలో నాకు అన్నం, పప్పు తప్ప ఏదీ రాదు. ఒకరోజు సర్వపిండికి కూర్చున్నాను. బియ్యప్పిండి, నానిన శనగపప్పు, నువ్వులు, ఉల్లికాడలు, కారం. ముద్ద కలిపి గంజు గిన్నె అడుగున పలుచగా అద్దాను. వేలితో చిల్లులు పెట్టి నూనె చుక్కలు వేశాను. మూత పెట్టి సన్నని మంట మీద ఉంచాను. మొదటిది బాగా వచ్చింది. ఆ సంబరంలో వేడి గంజులోనే రెండోది అద్దబోయాను. వేళ్లు చుర్రుమన్నాయి.

"గంజు చల్లారనియ్యి బిడ్డా" అంది పక్కింటి పెద్దమ్మ. బోర్లించి, అడుగు మీద చన్నీళ్లు పోసింది. అప్పుడు పిండి పట్టింది.

చెయ్యి చేసి నేర్చుకుంటుంది.

తర్వాత జొన్నరొట్టె. చన్నీళ్లతో కలిపితే అంచులు పగిలాయి. గోధుమకున్న సాగే గుణం జొన్నకు లేదు. మరిగిన నీళ్లు పోస్తేనే ముద్ద కుదిరింది. అక్కడ చల్లార్చాలి, ఇక్కడ వేడి కావాలి. ఎవరు చెప్పినా, చెయ్యి చేసే నేర్చుకుంటుంది.

పెద్దమ్మ బొగ్గుల పొయ్యి మీద నేర్చిన మనిషి. ఆ పొయ్యికి మంట తగ్గించే మీట ఉండదు. మాడే ముందు ఒక కమ్మటి వాసన వస్తుంది. ఆమె ఆ వాసనకే గంజు దించేది.

ఇవాళ మా ఇంట్లో మళ్లీ సర్వపిండే. ఈసారి సొరకాయ తురుము వేస్తున్నాను. తురుములోనే నీళ్లుంటాయి కదా. పిండి ఎంత పడుతుందో చూడాలి.