పండుగకు బలం కథదా, కాలానిదా?

పండుగ పుట్టుకకు పురాణాలు ఒక కథ చెబుతాయి. ఆ పండుగ దేశమంతటా పాకడానికి మాత్రం కథ ఒక్కటే చాలదు. దీపావళికి తెలుగునాట నరకాసుర వధ చెబుతారు. ఉత్తరాదిన రాముడు అయోధ్యకు తిరిగివచ్చిన రోజంటారు. జైనులకు అది మహావీరుని నిర్వాణదినం, సిక్కులకు గురు హరగోవింద్ చెర వీడిన రోజు. కథలు నాలుగు, వెలిగించే దీపం ఒకటే. జనం పట్టుకున్నది చేతను. కథ ఎవరిది వారు తెచ్చుకున్నారు.

నిజామాబాద్ జిల్లా రుద్రూర్‌లో ఈ సంగతి మరింత స్పష్టం. బాన్సువాడ నియోజకవర్గంలోని ఈ మండలం 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆయకట్టు సీమ. వరి, చెరకు పండే నేల. కోస్తా జిల్లాల నుంచి రైతులు వలస వచ్చి ఈ సీమలో క్యాంపులు కట్టుకున్నారు. వాళ్లకు పెద్ద పండుగ సంక్రాంతి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో అప్పటికి కోతలై ధాన్యం ఇల్లు చేరి ఉంటుంది. ఇక్కడ జనవరి అంటే యాసంగి నాట్ల హడావుడి. అందుకే స్థానికులకు సంక్రాంతి చిన్నదైంది, దసరా పెద్దదైంది.

దసరాకు ముందు బతుకమ్మ. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై సద్దులతో ముగుస్తుంది. వానలు వెనకబట్టి, చెరువులు నిండి, తంగేడు, గునుగు దండిగా పూసే రోజులవి. ఆ పూలు ఎవరూ కొననక్కరలేదు. పూజారి, మంత్రం, గుడి ఏవీ తప్పనిసరి కావు. పేరిచేదీ, పాడేదీ, నీళ్లలో సాగనంపేదీ ఆడవాళ్లే. పెళ్లయిన ఆడబిడ్డలు పుట్టింటికి వచ్చేదీ అప్పుడే. ఇంత తక్కువ ఖర్చుతో, ఇంతమంది చేతుల మీద నడిచే పండుగకు శాస్త్రాల అండ అవసరం లేదు. దసరా నాడు జమ్మి ఆకును ‘బంగారం’ అని చేతిలో పెట్టి పెద్దల కాళ్లు మొక్కుతారు.

అయితే పొలమే అన్నిటికీ కారణమనుకుంటే పీర్ల పండుగ అడ్డుపడుతుంది. హిజ్రీ సంవత్సరం సూర్యమానం కన్నా దాదాపు 11 రోజులు తక్కువ కనుక మొహర్రం ఏటా జరుగుతూ అన్ని రుతువులూ తిరుగుతుంది. అయినా తెలంగాణ పల్లెల్లో పీర్లను హిందువులూ ఎత్తుకుంటారు, మొక్కులు చెల్లిస్తారు. బోధన్ దగ్గరి హున్సాలో హోలీ నాడు ఆడే పిడిగుద్దులాటకు పంటతోనూ పొత్తు లేదు, ఏ పురాణమూ దాన్ని చెప్పదు. మానేస్తే ఊరికి కీడని నమ్మకం. ఊరంతా ఒకచోట కూడటమే ఈ రెంటికీ ప్రాణం.

ప్రభుత్వ గుర్తింపు చివర వచ్చేది. తెలంగాణ ఏర్పడ్డాక 2014లో బతుకమ్మను, బోనాలను రాష్ట్ర పండుగలుగా ప్రకటించారు. అప్పటికే తరతరాలుగా బతికి ఉన్న పండుగలవి.