అర్ధరాత్రి ఎవరిని లేపాలి

రాజకీయాలు మీ ఒంటికి, మనసుకు ఏం చేస్తున్నాయని నెబ్రాస్కా యూనివర్సిటీ రాజనీతి శాస్త్రవేత్త కెవిన్ స్మిత్ 2017లో 800 మంది అమెరికన్లను అడిగించాడు. పదిమందిలో దాదాపు నలుగురు ఒత్తిడి అన్నారు. ఐదుగురిలో ఒకరు నిద్ర చెడిందన్నారు, ఇంచుమించు అంతమందే స్నేహం చెడిందన్నారు. డాక్టర్లు పరీక్షించి తేల్చింది కాదు, ఎవరికి వారు చెప్పుకున్నదే. 2019లో అచ్చయిన ఆ అధ్యయనంలో నన్ను ఆపేసింది స్నేహం లెక్క.

మా నల్లగొండ పల్లెల్లో పార్టీ పట్టింపు ఎన్నికలతో వచ్చి ఎన్నికలతో పోయేది కాదు. 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలితే దానితోపాటు ఊళ్లు చీలాయి, ఇళ్లు చీలాయి. అవతలి పార్టీవాళ్లు కూర్చునే హోటల్లో చాయ్ తాగనివాళ్లున్నారు. పాలోళ్ల ఇంట్ల చావైనా గడప తొక్కనివాళ్లున్నారు. దీన్ని పట్టుదల అని మెచ్చుకున్నాం. నాకది రోగమనే అనిపిస్తుంది. అర్ధరాత్రి గుండెల్లో నొప్పి లేచింది, ఎదురింట్లో ఆటో ఉంది, ఆ తలుపు కొట్టడానికి మనసొప్పదు. అలాంటి మనిషికి బీపీ గోలీ ఎంతవరకు ఆసరా?

అందరూ ఒక్క మాట మీదే ఉండాలని కాదు. ఎదురుమాట లేని ఊళ్లో దొర మాటే చెల్లింది. ఆ రోజులు మా తాతలకు బాగా తెలుసు. వాదించుకోవాలి, ఓటు వేరుగా వేయాలి. 2022 నవంబరులో మునుగోడు ఉపఎన్నికలో 93 శాతం పోలింగు జరిగితే చైతన్యం అని పొగిడారు. పొగడాల్సిందే. మర్నాటి నుంచి ఎందరి మధ్య మాటలు బందయ్యాయో కూడా ఎవరైనా లెక్క తీస్తే బాగుండు.

అదే మునుగోడు, మర్రిగూడ పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పిల్లల పళ్లు గారలు కట్టాయి, పెద్దల బొక్కలు వంగాయి. ఏ పార్టీ ఇంటినీ అది వదల్లేదు. ఆ నీళ్ల గోస ఢిల్లీకి వినిపించాలని 1996లో జలసాధన సమితి పిలుపునిస్తే, నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంతైంది, పోలింగు వాయిదా పడింది. అదే ఏడు పార్లమెంటు డిపాజిట్టును 500 నుంచి 10,000 రూపాయలకు పెంచింది. ఆ ఎన్నికను అందరూ రాజకీయ వింతగానే చెప్తారు. కాగితం మీద ఒకరికొకరు ప్రత్యర్థులై, ఒకే నీటి కోసం వందలమంది కలిసి నిలబడిన ఆ ఏడాదిని నేను ఈ జిల్లా వైద్య చరిత్రలో రాస్తాను.