చూడటం, తెలుసుకోవటం

ఒక జాతి కళనూ చరిత్రనూ చూసి ఆనందించినవాడు ఆ జాతికి ఏమైనా బాకీపడతాడా? ఈ ప్రశ్న అడిగితే కొందరు మిత్రులు నవ్వుతారు. వెన్నెలను చూసి చంద్రుడికి బాకీపడతామా అంటారు. కాని వెన్నెలను ఎవరూ చెమటోడ్చి తయారుచెయ్యలేదు. కళను మనుషులు తయారుచేశారు. ఆ మనుషులు ఏదో ఒక నేలమీద, ఏదో ఒక అప్పుకింద, ఏదో ఒక అధికారికి భయపడుతూ బతికారు. వాళ్ల మనవలు నేటికీ బతుకుతున్నారు. అందువల్ల ఈ ప్రశ్న నవ్వి వదిలెయ్యదగినది కాదు.

నేను తెలుగు సాహిత్యం చదువుకున్నాను. ఖమ్మం దాటి అడవి మొదలయ్యే ప్రాంతంలో ఆ సాహిత్యమే పాఠం చెబుతున్నాను. రామదాసు కీర్తనలూ, తానీషా చెరసాల కథా నాకు బాగా తెలుసు. కాని ఆ భద్రాచలం గుడికి పోయే దారి పొడవునా ఉన్న కోయగూడేలను గురించి గాని, గోదావరి దిగువన పాపికొండల్లో ఉండే కొండరెడ్లను గురించి గాని నా ఎం.ఏ. చదువులో ఒక్క పుట లేదు. వాళ్లను నేను మొట్టమొదట శ్రద్ధగా చూసింది గూడెంలో కాదు, అంతర్జాలంలో.

క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ వియన్నాలో పుట్టిన మానవశాస్త్రజ్ఞుడు. 1939లో యుద్ధం వచ్చేనాటికి ఇండియాలో ఉన్నాడు. ఆస్ట్రియా అప్పటికే జర్మనీలో కలిసిపోయింది గనక బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను శత్రుదేశీయుడిగా లెక్కగట్టి, హైదరాబాద్ సంస్థానంలోనే ఉండాలని ఆంక్ష పెట్టింది. ఆ నిర్బంధకాలంలోనే ఆయన భార్య బెట్టీతో కలిసి చెంచులనూ, కొండరెడ్లనూ, గోండులనూ పరిశీలించాడు. కొండరెడ్ల మీద ఆయన గ్రంథం 1945లో వెలువడింది. ఆయన తీసిన ఛాయాచిత్రాలు లండన్ విశ్వవిద్యాలయంలోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన సంస్థలో భద్రంగా ఉన్నాయి. వాటిని ఇప్పుడు అంతర్జాలంలో ఎవరైనా చూడవచ్చు.

వాటిని చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ ఆనందాన్ని నేను తక్కువచేసి మాట్లాడను. కళను చూసి పులకించటం బూర్జువా బలహీనత అనుకునే అభ్యుదయవాది ఉంటే అతని అభ్యుదయాన్నే శంకించాలి. కాని తెల్లవారాక సిగ్గు కూడా వేసింది. బస్సెక్కితే రెండు మూడు గంటల్లో చేరగల మనుషులను నేను లండన్ మీదుగా తెలుసుకున్నాను. వాళ్లకూ నాకూ మధ్య దూరం కొలిచింది మైళ్లు కాదు; కులమూ, చదువూ, పాఠ్యప్రణాళికా కొలిచాయి.

కొన్నాళ్లకు అలాంటిదే ఆ కాలపు ఛాయాచిత్రం ఒకటి తరగతిలో చూపించాను. వెదురుబుట్టతో నిలబడ్డ కొండరెడ్డి స్త్రీ. వరరామచంద్రాపురం వైపునుంచి వచ్చి చదువుకునే ఒక కొండరెడ్ల అమ్మాయి ఆ తరగతిలో ఉంది. సంతోషిస్తుందనుకున్నాను. ఆమె చాలాసేపు చూసి, "సార్, ఈమె పేరేంటి?" అంది.

పేరు లేదు. తెగ పేరుంది, తీసినవారి పేరుంది. ఆమె పేరు లేదు. తరువాత ఆ అమ్మాయి బుట్టను చూపించి, ఈ అల్లిక మా అవ్వకు వచ్చునంది. నేను బొమ్మలో అందాన్ని చూశాను. ఆమె పనిని చూసింది. నాకు అది గతం, ఆమెకు బంధుత్వం. ఒకే బొమ్మను చూసిన ఇద్దరిలో తెలుసుకున్నది ఎవరు?

ఇక్కడ ఒక సహోద్యోగి వాదన చెప్పాలి. "ఆ దొర తియ్యకపోతే ఈ బొమ్మ కూడా ఉండేది కాదు. పేరు రాయలేదని నిష్ఠూరమాడే బదులు కృతజ్ఞత చూపించండి" అన్నాడాయన. ఇందులో నిజం ఉంది. పైగా హైమెన్‌డార్ఫ్ ఉత్త బొమ్మల వేటగాడు కాదు. నదీతీరంలో కలప వర్తకులు కొండరెడ్లను అప్పుల్లో దించి వెదురూ కలపా ఎలా కొట్టించుకుంటున్నారో ఆయన రాశాడు. నిజానికి ఆనాడు గిరిజనుల సంగతి తెలుసుకోవలసిన అవసరం పాలకుడికీ వచ్చింది. 1940లో కొమురం భీమును చంపిన తరువాత, గోండులు ఎందుకు తిరగబడ్డారో విచారించవలసిన అగత్యం నిజాం ప్రభుత్వానికి పట్టింది. ఆ విచారణ ఫలితంగా ఆదిలాబాద్ గోండులకు కొంత భూమికి పట్టాలు వచ్చాయి, గోండీలో చదువు చెప్పే బడులు వచ్చాయి. ఆ పట్టాలు దయవల్ల రాలేదు, తిరుగుబాటు భయంవల్ల వచ్చాయి. అయినా, తెలుసుకున్నదానికి ఒక పర్యవసానం ఉండాలని నిజాం కొలువులో సలహాదారుగా చేరిన విదేశీయుడు గుర్తించాడు. 1982లో ప్రచురించిన గ్రంథంలో, ఆ భూములు గిరిజనేతరుల చేతుల్లోకి ఎలా జారిపోయాయో ఆయనే రాశాడు. ఆ గ్రంథమూ అంతర్జాలంలోనే ఉంది. కాని మనం బొమ్మలు పంచుకుంటాం. భూమి సంగతి రాసిన పుటలు తిప్పం. కృతజ్ఞత చూపించవలసింది ఆ పుటలు చదివి.

భద్రపరచటం మంచిదే. కాని ఏది భద్రంగా ఉంది? లండన్‌లో బొమ్మ భద్రంగా ఉంది. బొమ్మలోని నేల పోలవరం జలాశయం కింద మునిగే ప్రాంతంలో ఉంది. ఆ ముంపుకోసమే 2014లో ఖమ్మం జిల్లానుంచి ఏడు మండలాల ప్రాంతాన్ని విడదీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. అక్కడి కోయలూ కొండరెడ్లూ పునరావాస కాలనీలకు కదులుతున్నారు. కొండపోడు లేని కాలనీలో విత్తనాల పండగ ఎక్కడ చెయ్యాలి? వెదురు లేనిచోట అవ్వ అల్లిక ఎవరికి నేర్పాలి? సంస్కృతి అంటే వేషమూ పాటా మాత్రమే అయితే దాన్ని లారీలో ఎక్కించి తీసుకుపోవచ్చు. అది ఉత్పత్తి విధానంతో పెనవేసుకున్నది గనక నేలనుంచి పెకలిస్తే పాట గొంతులోనే ఆరిపోతుంది. మనిషిని ముంచి బొమ్మను దాచే నాగరికత, తాను సంస్కృతిని కాపాడుతున్నానని చెప్పుకుంటే నమ్మవచ్చునా?

కోయల పడిగెల విషయమూ ఇంతే. మూడుమూలల గుడ్డమీద ఇలవేల్పుల కథ బొమ్మలుగా ఉంటుంది. ఏ గట్టువారి పడిగె ఆ గట్టువారిది. ఇలవేల్పు పండగలో డోలీలు వాయిద్యంతో పాడి ఆ కథ చెప్పినప్పుడే అది చరిత్ర. గోడకు తగిలిస్తే గుడ్డ. మణుగూరు ప్రాంతపు డోలీ కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ గౌరవం తగినదే. కాని కంఠస్థంగా వంశచరిత్రలు మోసే అలాంటివాళ్ల విద్యను విద్యగా గుర్తించటానికి మనకు బిరుదు ప్రకటన కావలసివచ్చింది.

మరొక ఆక్షేపణ మనవైపునుంచే వస్తుంది. "ఇలవేల్పులూ పడిగెలూ పాత సమాజపు అవశేషాలు. గిరిజనుడికి కావలసింది భూమీ, కూలీ, చదువూ. ఈ బొమ్మల మోజు మధ్యతరగతిది" అని. మోజు మాటకొస్తే ఒప్పుకుంటాను. కాని భూమి తనదని చెప్పటానికి గిరిజనుడి దగ్గర కాగితం ఎన్నడున్నది? 1/70 చట్టం ఉండి కూడా ఏజెన్సీలో భూములు ఎలా చేతులు మారాయో మనకు తెలుసు. ఏ వంశం ఏ ఊళ్లో ఎప్పుడు నిలిచిందో చెప్పే కథ అతని చరిత్రపత్రం. 2006 అటవీ హక్కుల చట్టంకింద హక్కు నిరూపణకు పెద్దల మౌఖిక సాక్ష్యాన్ని కూడా నియమాలు అంగీకరిస్తాయి. జ్ఞాపకాన్ని అవశేషమని కొట్టిపారేస్తే, హక్కు చేతిలో ఉన్న ఒక్క సాక్షినీ మనమే పంపించివేసినట్టు. ఏ ఆచారం ఉంచుకోవాలో, ఏది వదులుకోవాలో తేల్చవలసినవాళ్లు వాళ్లు. అడవి శాఖ కాదు, మ్యూజియం కాదు, నేనూ కాదు.

ఆ ఛాయాచిత్రాన్ని కాగితంమీద అచ్చువేయించి ఆ అమ్మాయికి ఇచ్చాను. సెలవుల తరువాత ఆమె తిరిగి తెచ్చింది. స్త్రీ ఎవరో అవ్వ చెప్పలేకపోయిందట. కాని ఆ బుట్ట దేనికి వాడేదో, వెదురు ఏ నెలలో కొట్టేదో, ఇప్పుడు ఆ వెదురుకు ఎంత దూరం పోవాలో చెప్పింది. అవన్నీ కాగితం వెనుక మనవరాలు రాసింది. నా ఎం.ఏ. చదువులో లేని పుట అది.

చూసినవాడు బాకీపడతాడనే నా జవాబు. ఆ బాకీ సానుభూతితో తీరదు. అంతర్జాలంలో దొరికింది ఊరికి తిరిగి చేర్చటం, పేరు తెలిస్తే పేరు రాయటం, పెద్దలు చూపించవద్దన్నది చూపించకపోవటం, నిర్వాసితుడు తన హక్కు అడిగేటప్పుడు పక్కన నిలబడటం - ఇవి ఉపాధ్యాయులూ విద్యార్థులూ చెయ్యగల పనులు. ఇవి చెయ్యనంతకాలం మనం చూస్తున్నామే గాని తెలుసుకోవటంలేదు.